మా గుసగుసమ్మగారు, ఏడు సెకన్ల నిశ్శబ్దం

1974వ సంవత్సరం జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు మా టెలివిజన్ కేంద్రపు నాటక విభాగంలో ప్రాంప్టర్‌గా చేరవలసిన ఇరవై రెండేళ్ళ యువతి, పది గంటల ఇరవై నిమిషాలకు గాని హాజరు పట్టికలో సంతకం చేయలేకపోయారు. ఆలస్యానికి కారణం నిర్లక్ష్యం కాదు. తొమ్మిదిన్నరకే వచ్చి, కాపలాదారు చెయ్యి చూపించిన వైపు నడిచి, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి వెళ్ళి, పూలకుండీ, పుస్తకాల బీరువా, గోడకు ఒక కుటుంబచిత్రం ఉన్న చక్కని గదిలో సోఫా మీద ఒద్దికగా కూర్చున్నారు. అధికారులు పిలుస్తారు కాబోలునని ముప్పావుగంట ఎదురుచూశారు. ఆ గదికి మూడే గోడలున్నాయన్న సంగతి, దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగి, "ఎవరమ్మా ఆ సోఫాలో? ఈ సీన్లో ఆడవేషం లేదే!" అని చీకట్లోంచి దర్శకుల గొంతు ఖంగుమనేదాకా వారు గమనించలేదు.

అలా పొరపాటున కెమెరా ముందు మొదలైన ఉద్యోగం, ఆపైన ముప్పై ఆరేళ్ళూ కెమెరా వెనుకనే సాగి, ఈ జూన్ ముప్పయ్యవ తేదీతో పరిపూర్ణమవుతున్నది. నాటక విభాగ నిర్వహణాధికారిణిగా పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి గుసగుసమ్మగారిని గురించి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాసే భాగ్యం, అదే సంవత్సరం అలంకరణ విభాగంలో చేరి, నాటి నుండి నేటి వరకు నటుల ముఖాలకు రంగులు పూసి, రంగులు తుడుస్తూ వారి పక్కనే పనిచేసిన ఒక సహోద్యోగికి దక్కింది. హాజరు పట్టికలో వారికి వేరే పేరున్న మాట వాస్తవమే. ఆ పేరుతో పిలిస్తే వారే వెనుదిరిగి చూడరు గనుక ఇక్కడ దాని ప్రస్తావన అనవసరం.

ఈ తరం సహోద్యోగులకు ఆనాటి పని స్వరూపం కొంత విశదపరచక తప్పదు. అప్పటికి మా కేంద్రంలో నాటకాన్ని ముందుగా రికార్డు చేసుకునే సౌకర్యం లేదు. స్టూడియోలో నటుడు ఏ క్షణాన ఏ మాట పలికితే, అదే క్షణాన ఆ మాట నగరంలోని ఇంటింటా వినబడేది. పలికినది తిరిగి తీసుకోవడానికి గాని, తప్పినది సరిదిద్దుకోవడానికి గాని వీలుండేది కాదు. కెమెరా కంటికి కొద్దిగా కింద, ఒక పొట్టి పీట మీద, నాటక ప్రతిని ఒళ్ళో పెట్టుకుని ప్రాంప్టర్ కూర్చునేవారు. నటుడు మాట మరిచిపోతే అందించడం వారి విధి. వారి చేతిలో అరచేతి పాటి నల్లని పెట్టె ఒకటి ఉండేది. దాని మీద ఒక మీట. ఆ మీట నొక్కితే స్టూడియోలోని మైకులన్నీ మూగపోయేవి. నటుడికి గుర్తుగా ఒక చిన్న ఎర్రదీపం వెలిగేది. ఆ కాస్త వ్యవధిలో ప్రాంప్టర్ మాట అందించి మీట వదిలేవారు. ఇళ్ళలో కూర్చున్నవారికి ఒకటి రెండు సెకన్లు శబ్దం పోయినట్లుండేది, అంతే. నటుడు మరిచిపోయాడన్న సంగతి మాత్రం మూడోకంటికి తెలిసేది కాదు.

గుసగుసమ్మగారికి ఈ విద్య పుట్టింట్లోనే అబ్బింది. వారి తండ్రిగారు బాయిలర్లు తయారుచేసే కార్ఖానాలో ఇరవై అయిదేళ్ళు ఇనుపరేకులకు మేకులు దిగ్గొట్టిన కార్మికులు. ఆ మోతకు నలభయ్యో ఏట వారి వినికిడి పూర్తిగా పోయింది. అప్పటినుంచి వారు మనుషుల పెదవుల కదలిక చూసి మాటలు గ్రహించడం అలవరచుకున్నారు. ఆ ఇంట పెరిగిన బిడ్డ కనుక, గొంతు ఏమాత్రం పెగలకుండా, ఒక్కొక్క అక్షరాన్నీ పెదవుల మీద విడివిడిగా నిలబెట్టి మాట్లాడడం ఆమెకు ఆటపాటలతో పాటే వచ్చేసింది. ఉద్యోగపు ఇంటర్వ్యూలో, పది అడుగుల దూరాన కూర్చున్న వృద్ధ నటులొకరికి ఒక వాక్యం అందించమని అడిగితే, ఆమె పెదవులు మాత్రమే కదిపారు. ఎంపిక సంఘంవారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏమమ్మా, మొదలుపెట్టవేం?" అన్నారు దర్శకులు.

"అదేమిటయ్యా, అయిపోతేనూ!" అన్నారు ఆ వృద్ధ నటులు పకపకా నవ్వుతూ. "వినపడలేదు గానీ మొత్తం అందింది. ఈ గుసగుసమ్మను నాకిచ్చెయ్యండి. మిగతావాళ్ళను మీరుంచుకోండి."

రంగస్థలం మీద నలభై ఏళ్ళు ఏలి, చిన్నా పెద్దా అందరిచేతా బాబాయిగారని పిలిపించుకున్న మహానటులు వారు. పేరు ఆనాడు వారు పెట్టినదే.

చేరిన అయిదు నెలలకు, బాబాయిగారు వేదిక మీద రెండువందలసార్లకు పైగా ఆడిన "రెండు గంటలు ఆలస్యం" అనే వ్యంగ్య నాటకాన్ని టెలివిజన్‌కు అనువుగా మలచి ప్రత్యక్షంగా ప్రసారం చేయాలని మా కేంద్రం సంకల్పించింది. కథ సరళమైనది. ఒక నగరంలో పెద్ద గడియారం రెండు గంటలు వెనకబడి నడుస్తుంటుంది. గడియారం తప్పంటే దాన్ని కట్టించిన పురపాలకుడి తప్పవుతుందని భయపడి, అధికారులు నగరమంతటినీ రెండు గంటలు వెనక్కి జరుపుతారు. జనం ఆకలి వేశాక రెండు గంటలకు తింటారు, నిద్ర వచ్చాక రెండు గంటలకు పడుకుంటారు, ఎవరూ కిక్కురుమనరు. చివరికి ఎక్కడినుంచో ఒక గడియారాలు బాగుచేసేవాడు వచ్చి, పురపాలకుడి ముందు నిలబడి, ఒక మాట అంటాడు. బాబాయిగారిది ఆ వేషం. ఆ మాట ఇది:

"గడియారం సరిచెయ్యడానికి నాకు పావుగంట చాలు మహాప్రభో! టైమయిపోయిందని తమకు చెప్పేవాడు దొరకడానికే ఇరవయ్యేళ్ళు పట్టింది."

చిక్కంతా ఇక్కడే వచ్చింది. మా నగర మేయరుగారు పదవిలోకి వచ్చి సరిగ్గా ఆ ఏటికి ఇరవయ్యేళ్ళు. నాటకం వ్రాసింది అంతకు చాలా ముందు. అయినా ఆనాటి కేంద్రాధికారిగారికి ఆ అంకె చూడగానే గుండె గుభేలుమంది. ప్రసారానికి వారం ముందు రిహార్సలుకు వచ్చి, ఎర్రసిరాతో ఆ మాట కొట్టేశారు.

"ఆ ఒక్కటీ తీసెయ్యండి. దాని తర్వాతది 'ఇక గోపురం తాళంచెవి ఇప్పించండి' కదా, సూటిగా అందులోకి వెళ్ళిపోండి. ఎవరికీ తేడా తెలీదు."

బాబాయిగారు వివాదప్రియులు కారు. సరేనన్నారు. కానీ గుసగుసమ్మగారు ప్రతిని ఒళ్ళో పెట్టుకుని చూస్తుండగా, రిహార్సలు జరిగిన మూడుసార్లూ వారు ఆ చోట రెప్పపాటు ఆగారు. మెట్లు దిగుతున్న మనిషికి అలవాటైన మెట్టు కాలికి తగలకపోతే ఎలా తూలుతాడో, అలా తూలి నిలదొక్కుకున్నారు. ఆమె దర్శకుల దగ్గరికి వెళ్ళి మెల్లగా చెప్పారు.

"బాబాయిగారికి ఆ మాట లేకపోతే తర్వాతది రావట్లేదండీ. ఆ రోజు ఆగిపోతారేమోనని భయంగా ఉంది."

"రెండొందల సార్లు ఆడిన మనిషమ్మా! నువ్వు పుట్టకముందునుంచీ వేషాలు కడుతున్నాడు," అని దర్శకులు నవ్వి ఊరుకున్నారు.

కేంద్రాధికారిగారి భయం మరోరకం. బాబాయిగారు అలవాటు కొద్దీ ఆ మాట అనేస్తారేమోనని వారి బెంగ. ప్రసారం రోజు మధ్యాహ్నం ఆమెను గదికి పిలిపించుకున్నారు. బల్ల మీద ఆమె ఫైలు ఉంది. ఆరు నెలల ప్రొబేషన్ మరో మూడు రోజుల్లో ముగుస్తుంది. ఉద్యోగం ఖరారు కావాలన్నా, ఇంటిదారి పట్టాలన్నా వారి సంతకమే ఆధారం.

"ఆ పెద్దాయన నోట్లోంచి ఆ మాట బయటికొస్తుంటే ఏం చేస్తావ్?"

"ఏం చెయ్యమంటారండీ?"

"మీట నొక్కి పట్టుకో. మాట పూర్తయ్యేదాకా వదలకు. తెలిసిందా?"

తెలిసిందన్నారు ఆమె. కాదనే ధైర్యం అప్పటికి రాలేదని తరువాతి కాలంలో వారే ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

నవంబరు ముప్పయ్యవ తేదీ, శనివారం సాయంత్రం ఆరున్నరకు నాటకం ప్రారంభమైంది. అట్టలతో కట్టిన గోపురం, దాని మీద మా వడ్రంగులు రాత్రింబవళ్ళు శ్రమించి తయారుచేసిన పెద్ద గడియారం, దీపాల వేడికి ముఖాల మీది రంగు కరిగిపోకుండా తెరచాటున అద్దుతూ మా అలంకరణ విభాగం. నియంత్రణ గది అద్దం వెనుక శబ్దయంత్రం ముందు ఒక యువ ఇంజనీరు, ఆయన వెనుక కుర్చీలో కేంద్రాధికారిగారు. గంటసేపు నాటకం నల్లేరు మీద బండిలా సాగింది. చివరి ఇరవై నిమిషాల కథ మిగిలి ఉండగా బాబాయిగారు పురపాలకుడి ఎదుట నిలబడ్డారు. కెమెరా వారి ముఖానికి దగ్గరగా వచ్చింది. నగరమంతటి తెరల మీదా ఆ ముఖం ఒక్కటే నిండిపోయింది.

వారు గడియారం వైపు చూశారు. పురపాలకుడి వైపు చూశారు. నోరు తెరిచారు. మాట లేదు.

గుసగుసమ్మగారు వెంటనే పెదవులు కదిపారు: "ఇక గోపురం తాళంచెవి." బాబాయిగారి కళ్ళు ఆమె మీద నిలిచాయి గాని వాటిలో ఏమీ వెలగలేదు. మళ్ళీ అందించారు. వారి నుదుట చెమట పుట్టింది. మరొక్క రెప్పపాటు ఆలస్యమైతే చూసేవారికి తెలిసిపోతుంది. ఆమె మీట నొక్కారు. ఎర్రదీపం వెలిగింది. మైకులు మూగపోయాయి.

శబ్దం ఆగిందని గ్రహించిన బాబాయిగారు, ముఖంలో వేషం చెదరనివ్వకుండానే, పెదవులతో అన్నారు: "అది కాదమ్మాయ్. దాని ముందుది. పోయింది."

అంతా అర్థమైంది ఆమెకు. దాటవేయమన్న మెట్టు దగ్గరే ఆ పెద్దాయన ఆగిపోయారు. ఆ మాట అందిస్తే గాని మిగతా ఇరవై నిమిషాలు లేవు. అందిస్తే ఉద్యోగం లేదు. ఆలోచించడానికి వ్యవధీ లేదు.

"గడియారం సరిచెయ్యడానికి..." అని అందించారు.

బాబాయిగారి ముఖం దీపం వెలిగించినట్లయింది. నిటారుగా నిలిచి, ఊపిరి పీల్చుకున్నారు. ఇక మిగిలింది ఆమె బొటనవేలు ఒక్కటే. అప్పటికీ ఆ మీట నొక్కే ఉంది. అలాగే పట్టి ఉంచితే చాలు, ఆజ్ఞను అక్షరాలా పాటించినట్లే. బాబాయిగారు అంటారు, ఎవరికీ వినబడదు, ఫైలు మీద సంతకం పడుతుంది. నోరు కదులుతూ ఉంటుంది, మాట రాదు. తన తండ్రి ఆ కార్ఖానా నుంచి ఇంటికి తెచ్చుకున్న బతుకు అదే. నగరంలో ఇన్ని ఇళ్ళలో, ఇంతమంది ముఖాల ముందు, దాన్ని తన చేత్తో పెట్టడం ఆమెకు చేతకాలేదు.

వేలు తీశారు.

"గడియారం సరిచెయ్యడానికి నాకు పావుగంట చాలు మహాప్రభో!" అన్న బాబాయిగారి గొంతు స్టూడియో కప్పు తాకింది.

నియంత్రణ గదిలో ఆ ఏడు సెకన్లూ ఏం జరిగిందో తరువాత ఇంజనీరుగారు చెప్పారు. శబ్దసూచిక ముల్లు పడిపోగానే వారు కంగారుగా లేవబోతే, కేంద్రాధికారిగారు భుజం పట్టి కూర్చోబెట్టి, "కంగారుపడకు, అమ్మాయి ఆపింది. గట్టిపిల్ల!" అని చిరునవ్వు నవ్వారట. ఆ చిరునవ్వు ముఖం మీద ఉండగానే ముల్లు మళ్ళీ లేచి ఆ కొస తాకిందట.

నాటకం చివరిదాకా ఎక్కడా తడబడకుండా జరిగింది. ఎనిమిదిన్నరకల్లా ఆమె ఇల్లు చేరారు. గుమ్మంలోనే తండ్రిగారు ఎదురై, వినికిడి లేనివారికి సహజమైన పెద్ద గొంతుతో, "బ్రహ్మాండంగా ఉందమ్మా! కానీ మీ అమ్మకేమైందో, మధ్యలో ఉన్నట్టుండి లేచి టీవీని బాదడం మొదలెట్టింది," అన్నారు.

"శబ్దం పోతే బాదనా మరి?" అన్నారు తల్లిగారు.

"శబ్దం పోవడమేమిటి? ఎప్పుడు పోయింది?" అని తండ్రిగారు తెల్లబోయారు. తరువాత కూతురి వైపు తిరిగి, "ఆ పెద్దాయన పాపం మరిచిపోయాడు గదూ? 'అది కాదమ్మాయ్, దాని ముందుది' అని నిన్నే అడిగాడు," అన్నారు.

అంతసేపూ బిగబట్టుకుని వచ్చిన ఆమెకు ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నగరం మొత్తంలో శబ్దం పోయిన సంగతి తెలియని మనిషి తమ ఇంట్లోనే ఉన్నాడు. ఆ నిశ్శబ్దంలో ఏం జరిగిందో తెలిసిన మనిషీ ఆయనే.

సోమవారం ఉదయం మెమో అందింది. నిషిద్ధ వాక్యాన్ని ప్రసారం చేయుటకు నటునితో కుమ్మక్కయినందున చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెనని దాని సారాంశం. శబ్దం ఎందుకు పోయిందో చెప్పమని ఇంజనీరుగారికీ ఒకటి వచ్చింది. బాబాయిగారు స్వయంగా వచ్చి, నిజంగానే మరిచిపోయానని మొత్తుకున్నారు.

"నలభై ఏళ్ళుగా లేనిది ఉన్నట్టు నమ్మించడమే మీ వృత్తి. మీ మాట నేనెలా నమ్మేది?" అన్నారు కేంద్రాధికారిగారు.

మంగళవారం విచారణ. ఆమె తండ్రిగారు, ఎవరూ పిలవకుండానే, ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. తాను పెదవుల భాష చదవగలనని, నటుడు మరిచిపోయి అడిగిన మాట తాను తెర మీద చూశానని చెప్పారు. కేంద్రాధికారిగారు నమ్మలేదు, అయితే న్యాయబుద్ధి గల మనిషి కనుక పరీక్షిద్దామన్నారు. తండ్రిగారిని స్టూడియోలో నిలబెట్టి, తాము దర్శకులను వెంటబెట్టుకుని నియంత్రణ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ అద్దంలోంచి పిడుగు పడ్డా బయటికి వినబడదు. స్టూడియోలో వడ్రంగులు, దీపాలవారు, అలంకరణవారు, అందరం పనులు ఆపి చూస్తున్నాం. అద్దం వెనుక కేంద్రాధికారిగారు దర్శకుల వైపు తిరిగి ఏదో అన్నారు.

తండ్రిగారు గొంతు సవరించుకుని, కార్ఖానాలో సుత్తుల మోతకు పైన వినిపించే ఆ గొంతుతో ప్రకటించారు:

"పొద్దున్న చొక్కా గుండీ ఊడిపోయిందటండీ! అప్పట్నుంచీ ఫైలు అడ్డం పెట్టుకుని తిరుగుతున్నారట! ఎవరితోనూ అనొద్దంటున్నారు!"

స్టూడియో గొల్లుమంది. అద్దం వెనుక దర్శకులు పొట్ట పట్టుకుని వంగిపోయారు. కేంద్రాధికారిగారు ముందు ఎర్రబడి, తరువాత ఫైలు పక్కన పెట్టి, ఊడిన గుండీ అందరికీ కనబడేలా నిలబడి తామూ నవ్వేశారు. కుమ్మక్కు ఆరోపణ అక్కడితో వీగిపోయింది.

రెండవ ప్రశ్న మాత్రం మిగిలింది. దానిని ఆమె ఒక్కరినే గదిలో కూర్చోబెట్టుకుని అడిగారు.

"మరిచిపోయాడు, అందించావు. బాగుంది. అప్పటికి మీట నొక్కే ఉంది కదా. మాట అయ్యేదాకా ఎందుకు పట్టుకోలేదు?"

"పట్టుకోవచ్చండీ. నేనే వదిలేశాను."

ఆయన కాగితం ముందుకు జరిపారు. "చూడమ్మా, అలా రాయకు. 'వేలు జారింది' అని రాయి. నేను సంతకం పెట్టేస్తాను. ఇద్దరికీ సుఖం."

"జారలేదండీ."

"నాకు తెలుసులే. ఫైలుకు తెలియనక్కర్లేదు."

ఆమె కలం తీసుకున్నారు. వ్రాసి ఇచ్చిన కాగితంలో రెండే వాక్యాలున్నాయి: "వేలు జారలేదు. తీశాను."

ఆ మధ్యాహ్నమంతా మేము అలంకరణ గదిలో ఆమెను కూర్చోబెట్టి ధైర్యం చెబుతూ ఉన్నాం. మేము చెప్పిన ధైర్యం మాకే లేదు. సాయంత్రం నాలుగింటికి ఫైలు వచ్చింది. దాని మీద కేంద్రాధికారిగారి దస్తూరీతో ఉన్న ఉత్తర్వు మా కార్యాలయ చరిత్రలో చిరస్మరణీయం: "వివరణ సంతృప్తికరముగా లేదు. ఉద్యోగి సంతృప్తికరముగా ఉన్నారు. ఖరారు చేయడమైనది."

మేయరుగారి నుంచి ఏ కబురు వస్తుందో తెలియకుండానే ఆ పెద్దమనిషి ఈ సంతకం చేశారన్నది ఇక్కడ మరువరాదు. కబురు గురువారం వచ్చింది. శబ్దం పోగానే మేయరుగారు స్వయంగా లేచి టీవీ శబ్దం పెంచే మీట కుడివైపుకు కొసదాకా తిప్పారట. అంతలో బాబాయిగారి మాట ఇల్లు దద్దరిల్లేలా వచ్చిందట. ముందుగా వారి శ్రీమతిగారు పడీపడీ నవ్వారట. ఇక తామూ నవ్వక తప్పలేదని, శబ్దంలో ఇటువంటి అంతరాయం మళ్ళీ కలగకుండా చూడవలెనని ఆ లేఖ. తరువాత వచ్చిన ఉత్తరాలు చూస్తే ఊరంతా అదే కథ. శబ్దం పోయిందని ప్రతి ఇంట్లోనూ గొంతు పెంచుకున్నారు. తీసెయ్యమన్న ఆ ఒక్క మాటే నగరంలో అన్నిటికన్నా గట్టిగా వినిపించింది.

ఒకే సంఘటనకు చెరొక మెమో అందుకున్న ఇద్దరూ, అంటే గుసగుసమ్మగారూ ఇంజనీరుగారూ, మెమోలకు జవాబులు వ్రాసే సందర్భంలో పరిచయమై, ఏడాదిన్నర తరువాత దంపతులయ్యారు. వారి ఏకైక కుమార్తె నేడు రైల్వే స్టేషన్‌లో రాకపోకలు ప్రకటించే ఉద్యోగంలో ఉన్నారు. "నా గొంతు ఎవరికీ వినపడకపోతే గొప్ప, దాని గొంతు అందరికీ వినపడితే గొప్ప," అని తల్లిగారు మురిసిపోతుంటారు.

1981లో రికార్డింగు యంత్రాలు రావడంతో ప్రత్యక్ష నాటకాలు ఆగిపోయాయి. నల్లపెట్టె, మీట, ఎర్రదీపం గిడ్డంగి చేరాయి. చాలామంది ప్రాంప్టర్లు వేరే విభాగాలకు తరలిపోయినా, వారు నాటకాన్ని విడువలేదు. ఫ్లోర్ మేనేజర్‌గా పన్నెండేళ్ళు, ఆ తరువాత నిర్వహణాధికారిణిగా పదిహేడేళ్ళు మా విభాగాన్ని నడిపించారు. పైకప్పు కారుతున్న స్టూడియోలో గొడుగుల కింద కెమెరాలు పెట్టించి నిర్ణీత సమయానికి చిత్రీకరణ ముగించడం, అలిగి ఇంటికెళ్ళిన నటీమణిని ఒక్క మాట అనకుండా పక్కన కూర్చుని తిరిగి తీసుకురావడం, కొత్తవారి తప్పును నలుగురిలో కాక నడవా చివర చెప్పడం వారికే చెల్లింది. "నటుడు మరిచిపోతే తప్పు ఆయనది. ఆ సంగతి చూసేవాళ్ళకు తెలిస్తే తప్పు మనది," అని వారు నేర్పిన పాఠం నేడు నలభై మందికి పైగా సిబ్బందికి కంఠస్థం. వారిలో లోపాలు లేవని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. టీ చల్లారితే వారికి కోపం వస్తుంది. ఎవరి గొడుగైనా తమదేననుకుని తీసుకుపోతారు. మూడు గొడుగులు నేటికీ తిరిగి రావలసి ఉన్నది.

బాబాయిగారు ఎనభై దాటాక వారి జ్ఞాపకశక్తి పూర్తిగా సన్నగిల్లింది. అప్పటినుంచి నాలుగేళ్ళపాటు ప్రతి ఆదివారం ఉదయం గుసగుసమ్మగారు వారింటికి వెళ్ళి, వచ్చేపోయే బంధువులకు కొంచెం వెనుకగా, బాబాయిగారికి ఎదురుగా ఒక పీట వేసుకుని కూర్చునేవారు. ఎవరైనా లోపలికి రాగానే ఆమె పెదవులు కదిలేవి: "పెద్దమనవరాలు. నిన్న పరీక్ష రాసింది." వెంటనే బాబాయిగారు చేతులు చాచి, "రావే పెద్దదానా! పరీక్ష ఎలా రాశావ్?" అనేవారు. తాతగారు తనను మరిచిపోలేదని ఆ పిల్ల సంబరపడేది. ఈ సంగతి ఆ కుటుంబానికి బాబాయిగారు గతించిన చాలా కాలానికి గాని తెలియలేదు. తెలిపినది కూడా గుసగుసమ్మగారు కాదు.

వీడ్కోలు కానుకగా ఏం కావాలో చెప్పమని గత నెలలో సిబ్బంది అంతా అడిగితే వారు చాలాసేపు తటపటాయించి, "నాటకానికి రెండు టిక్కెట్లు. మూడో వరుస, నట్టనడిమి," అన్నారు. ముప్పై ఆరేళ్ళలో వారు ఒక్క నాటకాన్నీ ఎదురుగా కూర్చుని చూడలేదట. ఎప్పుడూ పక్కనుంచో, కిందనుంచో, ఒళ్ళో ప్రతి పెట్టుకునో చూడడమే. మొన్న శనివారం భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. వారికి తెలియకుండా చివరి వరుసలో మేమూ వెళ్ళాం. మొదటి పది నిమిషాలు వారి తల వేదిక మీద ఎవరు మాట్లాడితే వారితో పాటు ఊగింది. తరువాత ఇంజనీరుగారు వారి చెయ్యి మీద చెయ్యి వేశారు. ఆ తరువాత వారు వెనక్కి వాలి, ఒక హాస్యపు మాటకు తల ఎగరేసి నవ్వారు. ఆ నవ్వు ఎంత పెద్దదో మాకెవరికీ అప్పటివరకు తెలియదు.

సహనశీలి, సత్యసంధురాలు, మా అందరికీ పెద్దదిక్కు అయిన శ్రీమతి గుసగుసమ్మగారు ఇకమీదట గంట చూసుకుని పరుగెత్తనక్కరలేని ఉదయాలను, వేడివేడి టీలను, భర్త, కుమార్తెల సాన్నిధ్యాన్ని తనివితీరా అనుభవించాలని, చక్కని ఆరోగ్యంతో, చెదరని ఉత్సాహంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని, నగరంలో ఏ నాటకం జరిగినా మూడో వరుస నట్టనడిమి వారి నవ్వు వినిపిస్తూనే ఉండాలని నాటక విభాగం యావత్తూ మనసారా కోరుకుంటున్నది.